సావనదుర్గం దొనలో నీళ్లు ఎప్పటిదాకా నిలుస్తున్నాయి? బెంగళూరు చుట్టుపక్కల కొండల్లో మీరు చూసిన ఋతువుల మార్పులు చెప్పండి

దొనగట్టు
19 జనవరి 2025, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. ఈరోజు పొద్దున సావనదుర్గంలో కరిగుడ్డ అనే కొండ ఎక్కి వచ్చాను. పాత కోటగోడ దాటి కాస్త పైకి వెళ్తే బండ మీద ఒక దొన, అంటే వాన నీరు నిలిచే రాతి గుంట, ఉంది. మన రాయలసీమలో దొన అంటాం, ఇక్కడి వాళ్లు దొణె అంటారు. 2017 నుంచి నెలకొకసారి, వీలైనంత వరకు మూడో ఆదివారం, ఆ దొన దగ్గర ఆగి నా చేతికర్ర ముంచి నీటి లోతు చూస్తున్నాను. కర్రకు బెత్తెడుకొక గీత చొప్పున కత్తితో గీసుకున్నాను. ఇంటికి రాగానే నోటుపుస్తకంలో రాస్తాను. నా దగ్గర ఉన్న పరికరం అంతే.

మొదటి మూడేళ్లు శివరాత్రి దాటాకే దొన అడుగు కనిపించేది. 2021 నవంబరులో ముసురు పట్టి వదలకుండా కురిసింది కదా, ఆ మరుసటి వేసవిలో ఉగాదికి కూడా చేయి మునిగేంత నీరుంది. 2024లో సంక్రాంతికే ఎండి, అడుగున బురద పెంకులు పెంకులుగా లేచింది. 2023లో వానలు మొహం చాటేసి, రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించిన ఏడాదికి మరుసటి ఏడాది అది. ఆ మార్చిలోనే నగరంలో ట్యాంకర్ల కోసం బిందెలు వరుస కట్టాయి. దొన ఆ మాట రెండు నెలల ముందే చెప్పింది.

ఈరోజు అదే దొనలో మోకాలి లోతు నీరుంది. అక్టోబరు వానలు, ఆ తరవాత ఫెంగల్ తుపాను తుంపర దానికి కారణమని నా ఊహ. ఒక ఏడాది బురద పెంకులు, మరుసటి ఏడాది మోకాలి నీళ్లు. ఈ ఊగిసలాట నన్ను కలవరపెడుతోంది. మీరు తిరిగే కొండల్లో ఏం చూస్తున్నారో చెప్పండి. వార్తల్లో చదివింది వద్దు, కాళ్లతో నడిచి కళ్లతో చూసింది కావాలి.

యలహంకనడక
19 జనవరి 2025, రాత్రి 9:35

అన్నా, మంచి పని చేస్తున్నారు. నేను నంది కొండకు, స్కందగిరికి ఎక్కువగా వెళ్తాను. నా పిచ్చి అంతా మేఘాల సముద్రం మీదే.

కొత్తవారి కోసం కాస్త వివరంగా చెబుతాను. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, నంది కొండ శిఖరం 1,478 మీటర్లు. లెక్క ప్రకారం పైన మూడు, మూడున్నర డిగ్రీలు చల్లగా ఉండాలి. మేఘాల సముద్రం ఏర్పడే పొద్దున మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. ముందురోజు వాన పడి నేల తడిసి ఉండాలి, రాత్రి ఆకాశం తేటపడాలి, గాలి ఆగిపోవాలి. అప్పుడు నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి లోయలోకి జారి, అందులోని తేమ మబ్బుగా పేరుకుంటుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. మనం మూతకు పైన నిలబడి చూస్తాం.

ఇది పుస్తకంలో చదివి నమ్మింది కాదు. పోయిన నవంబరులో స్కందగిరి దిగుతుంటే ఒక మలుపు దగ్గర మోకాళ్ల దాకా చలి, ముఖానికి మాత్రం వెచ్చదనం తగిలింది. నాలుగు అడుగులు దిగేసరికి కనురెప్పల మీద నీటి చుక్కలు నిలిచాయి. రెండడుగులు వెనక్కి ఎక్కితే మళ్లీ పొడి గాలి. ఆ మూత అంచు నా ఛాతీ ఎత్తులో ఉందన్నమాట. అక్కడే పదిహేను నిమిషాలు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయాను.

ఇక మార్పు సంగతి. ఏడెనిమిదేళ్ల క్రితం సెప్టెంబరు చివరి నుంచి జనవరి దాకా, తెల్లవారుజామున మూడుసార్లు వెళ్తే ఒకసారైనా మేఘాల సముద్రం దొరికేది. ఇప్పుడు ఐదుసార్లు వెళ్లినా చాలాసార్లు ఊరికే మసక. మబ్బుకు పాలరంగు ఉంటుంది, ఈ మసకకు బూడిదరంగు. దుమ్ము, పొగ కలిసిన మసక అది. దేవనహళ్లి వైపు పెరుగుతున్న కట్టడాలను పై నుంచి చూస్తే కారణం వెతుక్కోనక్కర లేదనిపిస్తుంది.

2021 ఆగస్టులో నంది కొండ దారిలో కొండచరియ విరిగిపడి, నెలల తరబడి పైకి ఎవరినీ వెళ్లనివ్వలేదు, గుర్తుందా? ఆ తరవాత నేను వెళ్లినప్పుడు తెగిన చోట మట్టి పొర ఎంత పలుచగా ఉందో చూశాను. బండ మీద జానెడు మట్టి, దాన్ని పట్టుకుని చెట్లు. ఒక్క రాత్రి కుండపోత చాలు.

వానలెక్క
20 జనవరి 2025, ఉదయం 7:20

మీ ఇద్దరి శ్రద్ధకు నమస్కారం. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. బెంగళూరులో పాతికేళ్లుగా ఉంటున్నాను. "మా రోజుల్లో చలి ఎలా ఉండేదో తెలుసా" అనే మాట ఆ పాతికేళ్లూ వింటూనే ఉన్నాను. జ్ఞాపకం చలిని పెంచి చూపిస్తుంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరిలో. దాన్ని చూసినవారు మనలో ఎవరూ లేరు.

ఈ ఊరి వాన స్వభావమే ఒడిదుడుకులది. మేలో ఉరుముల వానలు ఒక విడత, సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద విడత. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని, జూన్, జులైలలో మన దాకా వచ్చేసరికి గాలీ తుంపరే మిగులుతాయి. వాన నడివేసవికీ చలికాలానికీ మధ్య ఇలా రెండుగా చీలి ఉన్నప్పుడు, ఒక విడత తప్పితే ఆ ఏడాది కరువులా, రెండూ కలిసొస్తే వరదలా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ల దొన లెక్క ఋతువు మారిందని చెప్పడానికి చాలదు.

అలాగని ఏమీ మారలేదని నేను అనడం లేదు. 2016 ఏప్రిల్ 25న 39.2 డిగ్రీలు, 2024 ఏప్రిల్ 28న 38.5. ఆ ఏప్రిల్‌లో నగరం చినుకు కోసం ఎదురుచూసి అలసిపోయింది. ఐదు వారాలకే, జూన్ 2న ఒక్కరోజులో 111.1 మిల్లీమీటర్లు పడింది. జూన్‌లో ఒకే రోజు అంత వాన 133 ఏళ్లలో లేదు. నా దృష్టిలో గమనించవలసింది ఏడాది మొత్తం కాదు. ఆ మొత్తం ఎన్ని రోజుల్లో పడుతోంది, మధ్యలో ఎన్ని రోజులు ఎండగా పోతున్నాయి అన్నదే.

రాగిచేను
20 జనవరి 2025, మధ్యాహ్నం 1:15

మాది చింతామణి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కైవారం తాతయ్య అనే యోగి పదాలు వింటూ పెరిగినవాళ్లం. వారాంతాల్లో అంబాజీదుర్గం, కైలాసగిరి ఎక్కుతాను. నాకు ఋతువు నేర్పింది మాత్రం మా అమ్మ.

అమ్మకు జూన్, జులై అనే పేర్లు అవసరం లేదు. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ కార్తెలే ఆమె పంచాంగం. రోహిణిలో రోళ్లు పగలాలి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు. అన్నింటికంటే ఆమె నోట ఎక్కువగా వచ్చేది "ఉత్తర చూసి ఎత్తర గంప". ఉత్తర కార్తె దాకా చూడు, అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదులు అని. పక్క ఊరి కన్నడ రైతులు కూడా ఆరిద్రా మళె, హస్తా మళె అని ఇవే పేర్లతో లెక్కపెడతారు. భాష వేరు, ఆకాశం ఒకటే.

వానలెక్క గారు చెప్పిన ఎడం సంగతి అమ్మ వేరే మాటల్లో చెబుతుంది: "వాన వస్తోంది, కార్తెకు రావడం లేదు." జులైలో రాగి విత్తే పదును దొరకదు. వాన వచ్చేదాకా ఆగి ఆగస్టు చివర విత్తితే, కోతల వేళకు బంగాళాఖాతంలో తుపాను పుడుతుంది. మొన్న డిసెంబరు మొదట్లో ఫెంగల్ వచ్చినప్పుడు మా మేనమామ కోసి పరిచిన రాగి పొలంలోనే ఉంది. మూడు రోజుల ముసురుకు వెన్నులు పనల మీదే మొలకెత్తాయి. నేను చేత్తో ఎత్తి చూశాను. వెన్ను పైకి చూస్తే బాగానే ఉంది, నలిపితే గింజ నుంచి తెల్లటి మొలక, గోరంత కూడా లేదు, బయటికి వచ్చింది. మామ ఏమీ అనలేదు, ఆ వెన్నును మళ్లీ పన మీదే పెట్టాడు.

రెండో సంగతి అనపకాయ. బెంగళూరు సంతల్లో సంక్రాంతికి గుట్టలు పోస్తారు కదా. కాయకు ఆ వాసన, ఇక్కడి వాళ్లు సొగడు అంటారు, మంచు పడితేనే వస్తుందని మా నమ్మకం. తెల్లవారుజామున కొండకు పోతూ అనపచేను గట్టున నడిస్తే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, చేతులకు ఆ జిగురు వాసన అంటుకుని మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఈ ఏడు డిసెంబరంతా మబ్బు. మంచు పడిన పొద్దులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాయ ఉంది, పితకపప్పు కూర కూడా వండుకున్నాం, వాసన మాత్రం పలుచగా ఉంది.

వానలెక్క
20 జనవరి 2025, మధ్యాహ్నం 2:40

రాగిచేను గారూ, మీ అమ్మగారి ఒక్క మాట నా మూడు పేరాలకు సమానం. "కార్తెకు రావడం లేదు" అన్నది రాసి పెట్టుకున్నాను.

బెజవాడబాట
20 జనవరి 2025, సాయంత్రం 6:05

నమస్తే అండీ. విజయవాడ నుంచి వచ్చి ఏడాదే అయింది, మారతహళ్లిలో ఉంటున్నాను. మా ఊరి ఉక్కపోత నుంచి వచ్చిన నాకు ఇక్కడ అన్నీ చలికాలంలాగే ఉన్నాయి. ఒక సందేహం. వానాకాలంలో సావనదుర్గం ఎక్కవచ్చా? పోయిన జులైలో వెళ్తే చినుకులు కూడా లేవు, అయినా గాలికి నిలబడలేక సగం నుంచి దిగిపోయాను.

దొనగట్టు
20 జనవరి 2025, రాత్రి 9:00

తమ్ముడూ, దిగిపోయి మంచి పని చేశావు. అది ఆషాఢం గాలి. పడమటి కనుమలు దాటి వచ్చిన గాలికి పీఠభూమి మీద అడ్డు లేదు, బోడి బండ మీద మరీను.

తడి బండ సంగతి విడిగా చెప్పాలి. సావనదుర్గం బండ మీద పై నుంచి కిందికి నల్లటి చారలు చూసి ఉంటావు. వాన నీరు పారే దారులు అవి. ఆ నలుపు రాతిది కాదు, రాతిని పట్టుకుని బతికే సన్నటి పాచిది. ఎండాకాలంలో కాలికి గరుకుగా తగులుతుంది, బూటు గట్టిగా పట్టుకుంటుంది. అదే చార మీద పది చినుకులు పడితే నూనె రాసిన పెనంలా మారుతుంది. 2019 సెప్టెంబరులో దిగేటప్పుడు తెల్ల బండ మీద నుంచి చారను ఒక్క అడుగులో దాటబోయాను. మడమ ఆనీ ఆనకముందే జారింది. పక్కగా పడి, ఒక బోద గడ్డి దుబ్బు చేతికి దొరకబట్టి ఆగాను. అరచేయి చీరుకుపోయింది, గడ్డి వేళ్లతో సహా సగం ఊడి వచ్చింది. ఆ దుబ్బు లేకపోతే కింద ఏముందో తరవాత చూశాను. అప్పటి నుంచి చినుకు పడిందంటే నేను బండ మీద ఉండను. జూన్ నుంచి అక్టోబరు దాకా నేను దొన వరకే వెళ్తాను, అదీ బండ పూర్తిగా పొడిగా ఉంటేనే.

పిడుగుల విషయం ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ముఖ్యం. మధ్యాహ్నం రెండు దాటాక ఈశాన్యాన మబ్బు గోపురంలా లేస్తే దిగడం మొదలుపెట్టాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు ఉరుము వినిపిస్తే పిడుగు నీ దాకా రాగలదు. చివరి ఉరుము తరవాత అరగంట ఆగాలి. శిఖరం మీది నంది మంటపం రక్షణ ఇస్తుందని అనుకోవద్దు, అన్ని వైపులా తెరిచి ఉన్న కట్టడం అది. ఫోనులో దామిని యాప్ పెట్టుకో, చుట్టుపక్కల పడుతున్న పిడుగులు చూపిస్తుంది. అయినా కళ్లు, చెవులు దానికంటే ముందు పని చేయాలి.

పెన్నాతీరం
21 జనవరి 2025, ఉదయం 10:30

మాది నెల్లూరు. నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర పెన్న పుడుతుంది. 597 కిలోమీటర్లు ప్రయాణించి మా ఊరి పక్కగా సముద్రంలో కలుస్తుంది. ఆర్కావతి, పాలారు, దక్షిణ పినాకిని కూడా ఈ చుట్టుపక్కలే పుడతాయి. నంది మీద నిలబడి ఏ వైపు ఉమ్మినా ఏదో ఒక నదిలో కలుస్తుందని మా మిత్రులు అంటారు.

దొనగట్టు గారు 2021 నవంబరు ముసురు అని ఒక్క ముక్కలో దాటేశారు. మీ దొన నింపిన ఆ నవంబరే కడప, నెల్లూరు జిల్లాలను ముంచింది. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న ఒడ్డున మా బంధువుల ఇంట్లో గోడ మీద నీటి గీత నా భుజం ఎత్తున ఉంది. ఆ వారం నేను యలహంకలో చెరువు పొంగి రోడ్డెక్కడం చూసి, రైలెక్కి ఊరికి వెళ్లి అది చూశాను. అప్పటి నుంచి నంది కొండ మీద ఈశాన్య గాలి తిరిగిందంటే నాకు మబ్బుల అందం కనిపించదు, ఇంటికి ఫోను చేస్తాను.

మేం ఈశాన్య రుతుపవనాల మీద బతికేవాళ్లం. బెంగళూరులో నవంబరు చలి గాలి వీస్తోందని మీరు సంబరపడేటప్పుడు బంగాళాఖాతంలో ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ అందరూ ఊటీలా ఉందని ఫొటోలు పెట్టారు.

కానుగనీడ
21 జనవరి 2025, రాత్రి 10:10

నేను పెద్ద కొండలు ఎక్కలేను, మోకాలు సహకరించదు. తురహళ్లి అడవిలో మాత్రం వారానికి రెండుసార్లు నడుస్తాను. చెట్ల సంగతి కొంత చెబుతాను.

కానుగ చెట్టు నా గడియారం. ఫిబ్రవరి, మార్చిలో పాత ఆకు రాల్చి, కొద్ది రోజుల్లోనే లేతాకు వేస్తుంది. ఎండ ముదిరే వేళ ఊరంతా ఎండుతుంటే కానుగ మాత్రం నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆ తరవాత లేత ఊదా పువ్వులు నేల మీద రాలి, మీద నడిస్తే పేలాలు తొక్కినట్టు సన్నటి చప్పుడు. ఇది ఇప్పటికీ తప్పలేదు. నేలలో లోతుకు వేరు దించుకున్న చెట్లు వాన తేడాలను ఓర్చుకుంటున్నాయని నాకనిపిస్తోంది. తేడా కనిపిస్తున్నది గడ్డిలో, పురుగులో, దొనల్లో. పైపై నీటి మీద బతికేవాటిలో.

ఉదాహరణకు ఆరుద్ర పురుగు. ఎర్రటి మఖమలు గుండీలాంటి ఆ పురుగును మా చిన్నతనంలో అనంతపురంలో అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్లం. తొలి వానకు నేల మెత్తబడితేనే బయటికి వస్తుంది. ఇక్కడ తురహళ్లిలో కొన్నేళ్లు చూశాను, 2023లో ఒక్కటీ కనిపించలేదు. ఎవరైనా చూస్తే తేదీతో రాయండి.

దొనగట్టు
22 జనవరి 2025, ఉదయం 6:50

అక్కా, "పైపై నీటి మీద బతికేవి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. దొనలో కప్ప పిల్లలు ఉంటాయి. దొన ముందే ఎండితే కాళ్లు రాకముందే వాటి పని అయిపోతుంది. 2023 సెప్టెంబరులో అలా ఎండిన తోకపిల్లలను చూశాను, రాతి మీద అగ్గిపుల్ల గీతల్లా అంటుకుని ఉన్నాయి.

వానలెక్క గారు అన్నట్టు నా ఎనిమిదేళ్లు చాలవు. అందుకే అడుగుతున్నాను. ఒక్కొక్కరు ఒక్క చోటును ఎంచుకోండి. దొన కావచ్చు, చెట్టు కావచ్చు, చేను గట్టు కావచ్చు. నెలకొకసారి అదే చోట నిలబడి తేదీ, కార్తె, చూసింది రాయండి. ఫొటోల కోసం రోజుకొక కొత్త కొండ తిరిగితే ఈ మార్పు కనపడదు.

యలహంకనడక
22 జనవరి 2025, ఉదయం 8:15

స్కందగిరి మలుపు నాది.

రాగిచేను
22 జనవరి 2025, ఉదయం 8:40

మా అనపచేను గట్టు. అమ్మ చెబుతుంది, నేను రాస్తాను.

బెజవాడబాట
16 మార్చి 2025, రాత్రి 7:30

దొనగట్టు అన్నతో ఈరోజు సావనదుర్గం వెళ్లాను. దారిలో మోదుగలు పూసి ఉన్నాయి, ఆకు లేదు, అంతా నిప్పు. దొనలో కర్ర నేను ముంచాను: రెండు గీతలు. శివరాత్రి దాటి పద్దెనిమిది రోజులయింది. నీటి అంచు చుట్టూ బండ మీద తెల్లటి వలయాలు ఒకదాని లోపల ఒకటి ఉన్నాయి, నీరు తగ్గినకొద్దీ మిగిలిన గుర్తులు. వేలితో తడిమి పదకొండు దాకా లెక్కపెట్టాను.

కానుగనీడ
25 మే 2025, మధ్యాహ్నం 12:20

ఈరోజు రోహిణి కార్తె మొదలు. రోళ్లు పగలాల్సిన రోజు. నేను గొడుగు వేసుకుని తురహళ్లిలో నడిచి వచ్చాను. నిన్ననే రుతుపవనాలు కేరళను తాకాయి, మామూలుగా జూన్ 1కి రావాలి. 2009 తరవాత ఇంత ముందుగా రావడం ఇదే. పోయిన ఆదివారం రాత్రి కుండపోతకు మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచింది.

ఎర్ర మట్టి దారి పక్కన ఆరుద్ర పురుగులు, ఏడు. ఆరుద్ర కార్తెకు ఇంకా నాలుగు వారాలుంది. ఒకటి నా చెప్పు అంచు ఎక్కి, ఆగి, మళ్లీ దిగి మట్టిలోకి పోయింది. సంతోషించాలో భయపడాలో తెలియక చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

రాగిచేను
25 మే 2025, మధ్యాహ్నం 1:05

అక్కా, ఇక్కడ కూడా తుంపర. అమ్మ వాకిట్లో నిలబడి చేయి చాపి చూస్తోంది. రాగి ఇప్పుడే విత్తుదామా అని మామ అడుగుతున్నాడు. "మృగశిర దాకా ఆగు, ఇది నిలిచే వానో కాదో చూద్దాం" అంటోంది.

దొనగట్టు
25 మే 2025, రాత్రి 8:45

బండ తడిగా ఉంది, పైకి వెళ్లలేదు. గుడి దగ్గరి నుంచి దూరబీనులో చూశాను. నల్ల చారలన్నీ నీటితో మెరుస్తున్నాయి. దొన ఉన్న చోటు నుంచి కూడా ఒక సన్నటి చార కిందికి పారుతోంది, అంటే నిండి పొర్లుతోంది. నా పుస్తకంలో మే నెలలో ఆ మాట ఇంతకుముందు లేదు. లోతు గడి ఖాళీగా వదిలి, "రోహిణి మొదటి రోజు, పొర్లుతోంది, కింది నుంచి చూశాను" అని రాశాను. బండ ఆరాక కర్రతో వెళ్తాను.